ప్రోస్టేట్ పెరిగితే ఆపరేషన్ ఎప్పుడు?

మూత్రం చుక్కలుగా పడి వుజూ నిలవడం లేదని బాధపడుతున్నారా? 50 దాటిన పురుషుల్లో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం మామూలే. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. అయినా పరీక్ష చేయించుకోవాలి.

రాయపురంలోని ప్రాంతీయ యునానీ పరిశోధనా సంస్థలో హకీం సాహెబ్‌ను సంప్రదించవచ్చు. కానీ పదేపదే రక్తం పడినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా కషాయాలతో కాలయాపన వద్దు. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆ గంటలోనే స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

టి.యు.ఆర్.పి. ఆపరేషన్‌లో పైన కోత ఉండదు. మూత్రనాళం గుండా పరికరం పంపి అడ్డు తొలగిస్తారు. యునానీతో సహా వాడుతున్న మందులన్నీ సర్జన్‌కు ముందే చెప్పండి.

తర్వాత కొద్ది రోజులు గొట్టం ఉంటుంది. కొన్ని వారాలు బరువులెత్తకండి, మలబద్ధకం రానీయకండి. రక్తపు గడ్డలు, జ్వరం కనిపిస్తే వెంటనే చూపించండి. వీర్యం బయటికి రాకపోవచ్చు. దానివల్ల హాని లేదు. సిగ్గుపడి ఆలస్యం చేయకండి.