నిప్పూ మంచూ కన్న సరస్సులు

మహాభారతం ఆదిపర్వంలో ఔర్వుడి కథ ఉంది. పితృదేవతల మాట మన్నించి ఆ మహర్షి తన క్రోధాగ్నిని సముద్రంలో విడిచిపెట్టగా, అది బడబాగ్నియై నీటి అడుగున జ్వలిస్తూనే ఉన్నదని పురాణ కథనం. నీటిలో నిప్పు అనే ఈ భావన మన కావ్యకవులకు ఎంతో ప్రీతిపాత్రమైంది. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలో, ఆర్కిటిక్ వలయానికి చేరువలో ఉన్న ఐస్‌లాండ్ ద్వీపంలో అడుగుపెట్టిన యాత్రికుడికి ఆ భావన కేవలం కవికల్పనగా తోచదు. ఆ దేశస్థులకూ ఇటువంటి కథ ఒకటి ఉంది. పదమూడవ శతాబ్దికి చెందిన స్నోరి స్టుర్లుసన్ అనే పండితుడు తన 'ఎడ్డా' గ్రంథంలో సృష్టి ఆరంభాన్ని వివరించాడు. ఉత్తరాన మంచులోకం, దక్షిణాన అగ్నిలోకం, నడుమ మహాశూన్యం. అటు నుంచి వచ్చిన మంచుకు ఇటు నుంచి వచ్చిన వేడి తగిలింది. కరిగిన బిందువుల నుంచి తొలిప్రాణి ఉద్భవించింది. కథగా దీని విలువ ఎంతైనా కావచ్చు. ఆ దేశపు సరస్సుల పుట్టుకను చెప్పడానికి మాత్రం ఇంతకంటే దగ్గరి మాట దొరకదు.

ఐస్‌లాండ్ వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. భూమి పై పొరలోని రెండు మహాఫలకాలు ఈ ద్వీపం కింద ఏటా సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. ఆ చీలికల గుండా లావా పైకి ఉబికి వస్తుంది. మరోవైపు దేశంలో దాదాపు పదోవంతు భాగాన్ని హిమానీనదాలు కప్పి ఉన్నాయి. వారి భాషలో 'వత్న్' అంటే నీరు, సరస్సు. 'యోకుల్' అంటే హిమానీనదం. ఈ రెండు మాటలు తెలిస్తే అక్కడి పటంలోని సగం పేర్లు అర్థమవుతాయి. ద్వీపం చుట్టూ దాదాపు 1,300 కిలోమీటర్ల వలయరహదారి ఉంది. ఎత్తయిన మధ్యభాగానికి వెళ్ళే మట్టిదారులు మాత్రం వేసవిలో కొద్ది నెలలే తెరచి ఉంటాయి.

రాజధాని రేక్యావిక్‌కు సమీపంలోని థింగ్వల్లవత్న్ సరస్సుతో యాత్ర ఆరంభించడం అనేకుల ఆనవాయితీ. దీని ఒడ్డునే క్రీ.శ. 930లో 'ఆల్థింగ్' అనే ప్రజాసభ ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి వచ్చినవారు ఏటా ఇక్కడ బయలులో సమావేశమై న్యాయనిర్ణయాలు చేసేవారు. సభ జరిగిన చోటు రెండు ఫలకాల నడుమ పగుళ్ళు పడిన నేల. దేశమంతటికీ ఒకే ధర్మాన్ని నెలకొల్పుకోవడానికి వారు కలుసుకున్నది భూమి రెండుగా విడిపోతున్న చోటనే. 2004లో యునెస్కో ఈ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సరస్సు వైశాల్యం సుమారు 84 చదరపు కిలోమీటర్లు. లోతు 114 మీటర్లు. లాంగ్‌యోకుల్ అనే హిమానీనదంలో కరిగిన నీరు లావారాతి సందుల గుండా దశాబ్దాలపాటు వడగట్టుకుంటూ వచ్చి ఈ సరస్సును చేరుతుంది. అందుచేత 'సిల్ఫ్రా' అనే పగులులో నీరు స్ఫటికంలా ఉంటుంది. ఆ చలినీటిలో మునిగి చూసేవారికి సుమారు 100 మీటర్ల దూరం కూడా కనబడుతుంది.

అక్కడి నుంచి ఉత్తరదిశగా సాగితే మీవత్న్ సరస్సు వస్తుంది. సుమారు 2,300 సంవత్సరాల క్రితం ప్రవహించిన లావా నీటిదారికి అడ్డుకట్ట వేయగా ఇది ఏర్పడింది. 37 చదరపు కిలోమీటర్లు విస్తరించినా దీని సగటు లోతు రెండున్నర మీటర్లే. ఒడ్డున చిన్న చిన్న అగ్నిపర్వతాల వంటి గుంటదిబ్బలు బారులు తీరి ఉంటాయి. నిజానికి వాటి కింద అగ్నిబిలాలేవీ లేవు. మరుగుతున్న లావా తడినేల మీదికి పాకినప్పుడు అడుగున చిక్కిన నీరు ఒక్కసారిగా ఆవిరై పేలడంతో ఏర్పడిన దిబ్బలవి.

'మీ' అంటే చిరుదోమ. కనుక మీవత్న్ అంటే దోమల సరస్సు. పేరు వినగానే ముఖం చిట్లించనక్కరలేదు. వీటిలో అధికభాగం కుట్టవు. కాని వేసవిలో పొగస్తంభాల వలె గుంపులుగా లేచి కళ్ళలో, ముక్కుల్లో దూరి యాత్రికుడి సహనాన్ని పరీక్షిస్తాయి. సరస్సు సంపద అంతా వీటిమీదనే ఆధారపడి ఉంది. లావాభూముల గుండా వచ్చే ఊటనీరు సిలికా మొదలైన ఖనిజాలను మోసుకొస్తుంది. వాటిని గ్రహించి డయాటమ్‌లనే సూక్ష్మశైవలాలు పెరుగుతాయి. వాటిని తిని దోమల డింభకాలు, డింభకాలను తిని చేపలు, బాతులు బతుకుతాయి. పదికి పైగా జాతుల బాతులు ఇక్కడ గూళ్ళు కడతాయి. ఒడ్డున ఉండే రైతులు తరతరాలుగా ఆ గూళ్ళలో గుడ్లు ఏరుకుంటూ, పిల్లలు పొదగడానికి కొన్నింటిని విధిగా వదిలిపెట్టేవారు. సరోవర వర్ణనకు కమలాలు తప్పనిసరి అనుకునే ప్రబంధకవికి ఇక్కడ నిరాశ కలగవచ్చు. హంసలు మాత్రం ఉన్నాయి.

ఈ సరస్సు నుంచి లాక్సా నది పుడుతుంది. 1960 దశకం చివర ఆ నదిపై భారీ ఆనకట్ట కట్టి విద్యుదుత్పత్తిని పెంచాలనే ప్రణాళిక వచ్చింది. అది పూర్తయితే ఒక లోయ, అందులోని పొలాలు మునిగిపోతాయి. విజ్ఞప్తులు చేశారు; ఊరేగింపులు తీశారు; ఫలితం కనబడలేదు. అప్పటికే సరస్సు నుంచి నది వెలువడే చోట ఒక చిన్న ఆనకట్ట ఉండి, చేపల రాకపోకలను అడ్డగిస్తున్నది. 1970 ఆగస్టు 25వ తేదీ రాత్రి స్థానిక రైతులు ఆ చిన్న ఆనకట్టను డైనమైట్‌తో పేల్చివేశారు. పేల్చినదెవరని అధికారులు విచారించినప్పుడు వందమందికి పైగా 'మేమే' అని ముందుకు వచ్చారు. చేసింది నేరమన్న సంగతి వారికి తెలుసు. న్యాయస్థానంలో కేసులు కూడా నడిచాయి. కాని భారీ ఆనకట్ట ఆలోచన ఆగిపోయింది. 1974లో మీవత్న్, లాక్సాల సంరక్షణకు పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. ఆ రైతుల మార్గాన్ని సమర్థించడం కష్టమే. వారు ముందు చేసుకున్న విజ్ఞప్తులను సకాలంలో విని ఉంటే ఆ రాత్రి వచ్చేదే కాదన్నది కూడా అంతే నిజం. అయినా సరస్సుకు సంపూర్ణ రక్షణ లభించలేదు. 1967 నుంచి 2004 వరకు ఒక కర్మాగారం కోసం సరస్సు అడుగున పేరుకున్న డయాటమ్ మట్టిని తోడుతూనే వచ్చారు.

మీవత్న్‌కు దక్షిణంగా, పచ్చని గడ్డిపోచ కూడా అరుదైన నల్లని ఇసుకభూములు దాటితే ఆస్క్యా అగ్నిపర్వతం వస్తుంది. చంద్రునిపై నడవబోయే అమెరికా వ్యోమగాములు 1965లోను, 1967లోను ఈ ప్రాంతంలోనే శిలాపరిశీలనలో శిక్షణ పొందారు. 1875 మార్చిలో ఆస్క్యా బద్దలైనప్పుడు దాని బూడిద స్కాండినేవియా దాకా పోయి పడింది. తూర్పు ఐస్‌లాండ్‌లో పచ్చికబయళ్ళు పాడై, ఎన్నో కుటుంబాలు ఉత్తర అమెరికాకు వలసపోయాయి. ఆ విస్ఫోటం తరువాత కొండ నడిభాగం కుంగిపోయి, నీరు చేరి ఓస్క్యువత్న్ సరస్సు ఏర్పడింది. దాని లోతు సుమారు 220 మీటర్లు. పక్కనే పాలవంటి గోరువెచ్చని నీటితో ఒక చిన్న బిలం ఉంది. దాని పేరు 'వీతి', అంటే నరకం. నరకమని పేరు పెట్టుకున్న నీటిలో యాత్రికులు సుఖంగా స్నానాలు చేస్తారు.

పక్కనున్న పెద్ద సరస్సు నీలిమ చూపరులను మౌనంగా నిలబెడుతుంది. 1907 జూలై 10వ తేదీన జర్మనీకి చెందిన వాల్టర్ ఫన్ క్నేబెల్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు, మాక్స్ రుడ్లోఫ్ అనే చిత్రకారుడు చిన్న మడతపడవలో ఈ సరస్సులోకి వెళ్ళి తిరిగి రాలేదు. క్నేబెల్‌కు వాగ్దత్త అయిన ఇనా ఫన్ గ్రుంబ్‌కో మరుసటి ఏడు హాన్స్ రెక్ అనే మరొక శాస్త్రజ్ఞుని వెంటబెట్టుకొని గుర్రాలపై ఈ ఎడారి దాటి వచ్చింది. ఎంత వెదకినా ఒక ఆనవాలైనా దొరకలేదు. ఒడ్డున రాళ్ళు పేర్చి ఒక స్మారకచిహ్నం కట్టి ఆమె వెనుదిరిగింది. తన ప్రయాణాన్ని పుస్తకంగా కూడా రాసింది. ఆ ఇద్దరి దేహాలు నేటికీ దొరకలేదు.

ఆ సరస్సు ఎంతటి ఉపద్రవాన్ని సృష్టించగలదో 2014లో మరోసారి తెలిసింది. జూలై 21వ తేదీ రాత్రి చాలా పొద్దుపోయాక దాని గట్టు నుంచి సుమారు రెండు కోట్ల ఘనపు మీటర్ల రాతిమట్టి జారి నీటిలో పడింది. లేచిన అలలు ఒడ్డుపై పదుల మీటర్ల ఎత్తుకు ఎగబాకాయి. అదే పట్టపగలు జరిగి ఉంటే ఒడ్డున ఎందరో యాత్రికులు ఉండేవారు. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరు.

తూర్పుతీరం చుట్టి దక్షిణానికి దిగితే ఐస్‌లాండ్‌లోని అతిపెద్ద హిమరాశి వత్నయోకుల్ కనిపిస్తుంది. దాని గర్భంలో, మంచు కింద గ్రిమ్స్‌వోత్న్ అనే సరస్సు దాగి ఉంది. ఎవరూ దర్శించలేని సరస్సు అది. అడుగున అగ్నిపర్వతం మంచును కరిగిస్తుంటే నీరు నిండుతూ, హద్దు మీరినప్పుడు మంచును పైకెత్తి వరదగా బయటపడుతుంది. 1996 సెప్టెంబరు 30న సమీపంలో మంచు కింద విస్ఫోటం మొదలైంది. వరద తప్పదని తెలిసినవారు అయిదు వారాలు ఎదురుచూశారు. నవంబరు 5న వచ్చిన ఆ ప్రవాహం ఉధృతి సెకనుకు సుమారు 45,000 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 16 లక్షల క్యూసెక్కులు. రహదారి వంతెనలు కొట్టుకుపోయాయి. ముందుగానే దారి మూసివేసినందువల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ హిమరాశి అంచునే యోకుల్సారలోన్ ఉంది. చిత్రాలలో అందరూ చూసే సరస్సు ఇదే. నీలిరంగు మంచుకొండలు దానిలో నెమ్మదిగా తిరుగుతుంటాయి. కొన్నింటిపై అగ్నిపర్వతాల బూడిద నల్లని చారలుగా ఉంటుంది. సముద్రపు పోటుతో ఉప్పునీరు లోపలికి వస్తుంది. దానితోపాటు చేపలూ, వాటి వెంట సీల్ జంతువులూ వస్తాయి. ఈ అందానికి వయస్సు నూరేళ్ళయినా లేదు. 1930 దశకంలో హిమానీనదం వెనుకకు తగ్గడంతో ఏర్పడిన నీటిగుంట పెరిగి పెరిగి 20 చదరపు కిలోమీటర్లు దాటింది. లోతు సుమారు 250 మీటర్లకు చేరి, ఓస్క్యువత్న్‌ను మించిపోయింది.

ఈ హిమానీనదం ఎల్లకాలం ఇంత పెద్దదిగా లేదు. తొలి వలసదారులు వచ్చిననాటికి అది చాలా వెనుక ఉండేది. ముందు మైదానంలో పొలాలుండేవి. తరువాతి చలియుగంలో మంచు ముందుకు పాకి ఆ పొలాలను మింగింది. పందొమ్మిదవ శతాబ్ది చివరకు అది దాదాపు సముద్రాన్ని తాకబోయింది. అటువంటి మంచు వెనుదిరిగితే ఆనాటి రైతులకు ఊరట కలిగే ఉంటుంది. కాని నేటి తరుగుదల వేరు. దీనికి ముఖ్యకారణం మానవులు గాలిలో నింపిన వాయువుల వల్ల పెరిగిన వేడి అని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. దేశపు పశ్చిమభాగంలోని ఓక్ అనే హిమానీనదం కదలిక కోల్పోయిందని 2014లో తేల్చారు. 2019లో ఆ కొండపై భావితరాలకు లేఖగా ఒక ఫలకాన్ని నిలిపారు. రచయిత ఆంద్రి స్నాయిర్ మాగ్నాసన్ రాసిన ఆ లేఖలో నాటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పరిమాణం కూడా చెక్కి ఉంది. అదే సంవత్సరం యునెస్కో వత్నయోకుల్ జాతీయవనాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యోకుల్సారలోన్ కూడా ఆ వనంలో భాగమే.

హిమానీనదం దగ్గరగా ఉన్న రోజుల్లో దాని నది తెచ్చిన ఒండ్రు నేరుగా తీరానికి చేరి, సముద్రపు కోతను పూడ్చేది. ఇప్పుడా ఒండ్రు సరస్సు అడుగునే నిలిచిపోతున్నది. ఒడ్డు కోసుకుపోతున్నది. 1967లో కట్టిన వంతెనను కాపాడటానికి రాళ్ళు పోయవలసి వచ్చింది. సరస్సులో చిన్నవైన మంచుగడ్డలు ఆ వంతెన కిందుగా సముద్రంలోకి జారి, అలల తాకిడికి మళ్ళీ ఒడ్డుకు కొట్టుకొస్తాయి. నల్లని ఇసుకపై స్ఫటికపు ముక్కల వలె మెరుస్తుంటే యాత్రికులు వాటి పక్కన నిలబడి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. వెయ్యేళ్ళనాడు కురిసిన మంచు వాటిలో ఉండవచ్చు. తరువాతి పోటు వచ్చేసరికి చాలావరకు కరిగిపోతాయి.