బాల్యమున వినిన పాటలు

మనము చిన్నతనమున సంతోషముతో పాడుకొనిన పాటలలో కొన్ని నిజమునకు దుఃఖగీతములని పెద్దవారమైన పిమ్మటగాని తెలియదు. దీనికి కారణమేమి? బాలుని చెవికి మొదట అందునది తాళము, పిదప రాగము, కడపట మాటల యర్థము. అందును చలనచిత్రగీతమును రేడియోలో వినునపుడు, పాడువారెవరో, ఏ స్థితిలో పాడుచున్నారో కానరాదు. రెండుదాహరణములను పరిశీలింతము.

1989వ సంవత్సరమున మణిరత్నము దర్శకత్వమున వెలువడిన “గీతాంజలి” చిత్రమునందు ఒక వానపాట కలదు. వేటూరి సుందరరామమూర్తి రచింపగా, ఇళయరాజా స్వరపరచగా, చిత్ర పాడినది. అప్పుడు నాకు పదియేండ్లు. తొలకరి జల్లు పడినపుడెల్ల మా వీధి పిల్లలమందరము దానిని పాడుచు గంతులు వేసెడివారము. కథలో ఆ పాట పాడు బాలిక హృద్రోగముచే మరణమునకు చేరువగా నున్నదనియు, ఆ సంగతి ఆమెయే యెరుగుననియు మాకు తెలియదు. ఆమె వానలో తడియుట అల్లరి మాత్రమే కాదు; మిగిలిన దినములలో ఒక్కటియైనను వ్యర్థము కారాదను ఆరాటము.

రెండవది 1983లో కె. విశ్వనాథ్ తీసిన “సాగర సంగమం” లోనిది. కవియు, సంగీతకర్తయు పైవారే, పాడినవారు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము. జతులతో మొదలై వడిగా సాగు పాట యగుటచే పిల్లలకు మిక్కిలి ప్రియము. కాని కథానాయకుడు గొప్ప నర్తకుడు. రంగమెక్కవలసిన తరుణమున తల్లి మరణింపగా ఆ యవకాశమును కోల్పోయినవాడు. నడివయస్సున మద్యపానమత్తుడై నూతి గట్టుపై ఆడుచుండగా ఈ పాట వినవచ్చును.

మా తండ్రిగారు గుమాస్తా పని చేసెడివారు. ఆదివారమున సైకిలు తుడుచుచు ఈ పాటనే కూనిరాగము తీసెడివారు. జతులు తప్పినవని మేము నవ్వెడివారము, వారును నవ్వెడివారు. వారు గతించిన పిమ్మట ట్రంకుపెట్టెలో ఒక ఛాయాచిత్రము దొరకినది. అందు వారు కిరీటము ధరించి, నాటకరంగముపై పద్యము పాడుచున్నారు. సంసారభారముచే నాటకములు మానివేసిరని మా తల్లిగారు చెప్పిరి. ఆ రాత్రి ఆ పాటను మరల వింటిని, తుదివరకు వినజాలనైతిని. పాట మారలేదు, వినువాడు మారెను.

కావున పాటను పద్యమువలెనే చదువవలెను. ఎవరు పాడుచున్నారు? ఎవరితో? ఏ సమయమున? ఈ మూడు ప్రశ్నలు వేసినచో తాళము క్రింద దాగిన వేదన తెలియును. బాల్యమున పొందిన యానందము అబద్ధము కాదు. అది సగము సత్యము మాత్రమే.

మీ యింట కూనిరాగము తీయు పెద్దలుందురు. ఆ పాట మీకేల ప్రియమని వారిని నేడే యడుగుడు. నేను అడుగలేదు.