వారములోని చిన్న సంతోషములు

ధ్యాన భాగములు: నెహెమ్యా 8:9–12, ప్రసంగి 3:9–13, 1 కొరింథీ 11:17–34



మన గ్రామ సంఘములలో కొందరు ఆదివారము దేవునిదనియు, తక్కిన ఆరు దినములు కూలికిని పొలమునకును చెందినవనియు తలంచుచుందురు. మరికొందరు సంతోషించుటకే జంకుదురు. ఒక పూట నవ్వుకొనిన యెడల భక్తి తగ్గునేమో యని వారి భయము. ఈ నెల పాఠములో మనము గడుపు ఒక వారమును తీసికొని, దానిలోని చిన్న సంతోషములను గూర్చి లేఖనములు ఏమి బోధించుచున్నవో ఆలోచింతము.

1. మన వారము

కోహెడ ప్రాంతమునే చూడుడి. మునుపు కరీంనగరు జిల్లాలో నుండిన ఈ మండలము 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరెను. జిల్లా పేరు మారినది గాని పని మారలేదు. వరి, మక్క, పత్తి – వీటి చుట్టునే వారము తిరుగును. సోమవారము తెల్లవారగనే సద్ది కట్టుకొని నాటుకో, కలుపుకో, పత్తి ఏరుటకో గుంపుగా పోవుదురు. ఇంటిపట్టున నుండు స్త్రీలలో పలువురు బీడీలు చుట్టుదురు. ఒక దినము అంగడి. ఒక సాయంకాలము గృహ ప్రార్థన. ఒక మధ్యాహ్నము స్త్రీల మైత్రి కూడిక. శనివారము గుడి ఊడ్చి చాపలు దులుపుదురు. ఆదివారము ఆరాధన.

ఇంత పనిలో సంతోషమెక్కడ? వెదకినవారికి దొరకును. పొలము గట్టున నలుగురు సద్దులు విప్పి ఒకరి తొక్కు ఒకరు రుచి చూచుట, నాటులో ఒకరు పాట ఎత్తగా తక్కినవారు అందుకొనుట, వాన వెలిసిన సాయంకాలమున కాల్చిన మక్క కంకి, కూడిక ముగిసిన పిమ్మట గుప్పెడు గుడాలును వేడి చాయయు – ఇవి చిన్నవే. అయినను వీటి వలననే అలసిన దేహము మరునాడు లేచుచున్నది.

2. లేఖన బోధ

కష్టము ఎంత బరువో ఎరిగిన ప్రసంగి, మనుష్యుడు తిని త్రాగి తన కష్టములో మేలు అనుభవించుట దేవుని వరమని చెప్పుచున్నాడు. వరమును నిరాకరించుట భక్తి కాదు. దానిని ఇచ్చినవానిని మరచుటయే తప్పు.

నెహెమ్యా కాలములో ప్రజలు ధర్మశాస్త్రము విని ఏడ్చిరి. అప్పుడు వారికి వచ్చిన ఆజ్ఞ ఏమి? ఇండ్లకు పోయి మంచి భోజనము చేయుడని, ఏమియు సిద్ధము చేసికొననివారికి భాగములు పంపుడని. గమనించుడి: తినుమనుటయు పంపుమనుటయు ఒకే ఆజ్ఞలో నున్నవి. ఒకటి గైకొని రెండవది విడుచుటకు మనకు అధికారము లేదు.

మన ప్రభువు కానాలో పెండ్లి విందునకు వెళ్లెను. పునరుత్థానుడైన పిమ్మట, రాత్రియంతయు వలలు వేసి అలసిన శిష్యులకు ఒడ్డున నిప్పులమీద చేపలు సిద్ధపరచెను (యోహాను 21). పనివారి ఆకలిని ఆయన చిన్న విషయముగా ఎంచలేదు.

3. సంతోషమునకు పరీక్ష

కొరింథు సంఘమువారు కూడి భోజనము చేసిరి. అయినను పౌలు వారిని మెచ్చుకొనలేదు. వారు తినుటలో తప్పు లేదు. ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు ముందుగా తినుటలో తప్పున్నది. కాబట్టి సంతోషమునకు పరీక్ష వంటకములు ఎన్ని యని కాదు, ఎవరు విడువబడిరి అని.

ఇప్పుడు మనలను మనము పరీక్షించుకొందము. కుమారుడు గల్ఫు దేశమునకు పోగా ఒంటరిగా నుండు తల్లి మన సంఘములలో లేదా? ఫోనులో కుమారుని ముఖము కనబడును గాని, ఆమె పక్కన కూర్చుండి రెండు ముద్దలు తినువారు లేరు. ఆరాధన కాగానే మనము మన బంధువులతో మాటలలో పడుదుము. ఆమె చెప్పులు తొడిగికొని మౌనముగా వెళ్లిపోవును. ఆమె వెళ్లినదని మనమెరుగము.

మరియొక మాట చెప్పక తప్పదు. ప్రేమవిందులో ఒక వాడవారు ఒక చాపమీద, మరియొక వాడవారు వేరొక చాపమీద కూర్చుండుట మన సంఘములలో లేదని ఎవరు ధైర్యముగా చెప్పగలరు? 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికను, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘములు ఏకమై దక్షిణ ఇండియా సంఘమాయెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణములో అంటరానితనమును రద్దుచేసెను. పెద్ద సంఘములు ఏకము కాగలిగినవి, దేశము చట్టము చేయగలిగినది. రెండు చాపలను కలుపుట మాత్రము మన చేతులలో మిగిలియున్నది. దానికి తీర్మానము అక్కరలేదు. ఒకరు లేచి అవతలి చాపమీద కూర్చుండిన చాలును.

మన పెద్దలు మనకొక గురుతు విడిచిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము కరవు దినములలో ఆకలిగొన్నవారికి పని కల్పించుచు కట్టబడినది. అన్నమును ఆరాధనయు అక్కడ వేరుకాలేదు.

4. ఈ వారము చేయదగినవి

సోమవారము మీ సద్దిలో ఒక రొట్టె ఎక్కువ కట్టుకొని, తక్కువ తెచ్చుకొనినవారికి పెట్టుడి. అంగడి దినమున నడవలేనివారికి కావలసిన ఉప్పు పప్పు అడిగి తెచ్చియిండి. గృహ ప్రార్థన ఎన్నడును జరుగని ఇంట ఈసారి జరుపుడి. ఆ ఇంటివారికి ఖర్చు కాకుండ గుడాలు మీరే తీసికొనిపొండు. ఆదివారము ఒంటరిగా వెళ్లువారిని గుమ్మమున ఆపి, “అవ్వా, ఇయ్యాల మాతోనే తిందువు రా” అని పిలువుడి. మిగిలిన కూర చాలును. అప్పుచేసి విందు చేయవద్దు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గడచిన వారములో దేవుడిచ్చిన చిన్న సంతోషములు మూడు చెప్పుడి. వాటికి ఆయనను స్తుతించితిరా?
2. మీ సంఘములో ఆరాధన ముగియగానే ఎవరు ఒంటరిగా వెళ్లిపోవుచున్నారు?
3. ప్రేమవిందులో మీరు ఇంతవరకు ఎవరి పక్కన కూర్చుండలేదు? ఎందుచేత?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, కష్టమును కష్టములోని రుచియు నీవే ఇచ్చితివి. మేము ఒంటరిగా తిని మరచిన దినములను క్షమించుము. మా చాపమీద చోటు చేయుటకు మాకు మనస్సిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.