కుక్కకు పచ్చి మాంసం పెట్టవచ్చా?



కొద్ది రోజుల క్రితం నేను వార్డు రౌండ్స్‌లో ఉండగా సంఘంలోని ఒక యువకుడు తన తల్లిని చూడటానికి వచ్చాడు. ఆమెకు కీమోథెరపీ జరుగుతోంది. మాటల మధ్యలో అతడు ఎంతో సంతోషంగా, "ఆంటీ, మా లాబ్రడార్‌ను పూర్తిగా పచ్చి మాంసానికి మార్చేశాం. పదిహేను రోజులకే బొచ్చు ఎలా మెరుస్తోందో చూడండి" అని ఫోనులో ఫోటో చూపించాడు. ఆ ఫోటోలో అతని తొమ్మిది నెలల పాప నేల మీద పాకుతోంది. కుక్క పాప చేతిని నాకుతోంది. నాకు బొచ్చు కనబడలేదు, ఆ చిన్న చెయ్యే కనబడింది.

"మాంసం ఎక్కడ తెస్తున్నావు బాబూ?" అని అడిగాను.

"మా ఇంటి దగ్గర మటన్ కొట్టతను తిత్తులు, కార్జం ముక్కలు చవకగా ఇస్తాడు ఆంటీ. వండితే బలమంతా పోతుందట కదా!"

ఆ రోజు అతనితో అరగంట మాట్లాడాను. మన పద్మారావు నగర్, వారాసిగూడ, చిలకలగూడ అపార్టుమెంట్లలో ఇప్పుడు పెంపుడు కుక్కలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అందుకే అతనికి చెప్పిన సంగతులనే ఈ నెల పాఠంగా మీ ముందుంచుతున్నాను. నేను నర్సును, పశువైద్యురాలిని కాను. కుక్క వైద్యం పశువైద్యులే చెప్పాలి. కుక్క గిన్నెలో నుండి మనిషికి వచ్చే జబ్బుల సంగతి మాత్రం మా వార్డులకు బాగా తెలుసు.

ఈ అలవాటు ఎక్కడ నుండి వచ్చింది?

ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు 1993లో ఒక పుస్తకం ప్రచురించి, కుక్కకు పచ్చి మాంసం, పచ్చి ఎముకలు పెట్టడమే ప్రకృతి సిద్ధమని చెప్పాడు. తరువాత ఈ పద్ధతి అనేక దేశాలకు పాకింది. కుక్క తోడేలు సంతతి కనుక తోడేలులాగే తినాలనేది వారి వాదన.

తోడేలు సంతతి అన్న మాట నిజమే. కానీ వేల సంవత్సరాలుగా కుక్క మనిషి గడపలో పెరిగింది, మనిషి తిన్నదే తిన్నది. గంజిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలు కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన పెద్దలు కుక్కకు పెరుగన్నం, జొన్నరొట్టె, సంగటి పెట్టి పెంచారు. అది ఒంటికి పట్టింది కాబట్టే అవి బ్రతికాయి.

బొచ్చు మెరవడం, మలం తగ్గడం అబద్ధమా అంటే, కాదు. ఆహారంలో కొవ్వు పెరిగితే బొచ్చు మెరుస్తుంది. మాంసం బాగా అరుగుతుంది కనుక మలం తగ్గుతుంది. వండిన మాంసంతోనూ ఈ మేలు దొరుకుతుంది.

పచ్చి మాంసంలో కంటికి కనబడనివి

పచ్చి కోడి, మేక, గొర్రె మాంసం మీద సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, ఈ-కోలై, లిస్టీరియా వంటి క్రిములు ఉండవచ్చు. 2010-2012 మధ్య అమెరికా ఆహార, ఔషధ సంస్థ కుక్కలు, పిల్లుల కోసం అమ్మే పచ్చి ఆహారం నమూనాలు 196 పరీక్షించింది. వాటిలో 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా దొరికింది. అవి ప్యాకెట్లలో అమ్మే సరుకు. ఎండలో, ఈగల మధ్య వ్రేలాడే మాంసం సంగతి మీరే ఆలోచించండి.

ఈ క్రిములు కడుపులో ఉన్నా కుక్క చాలాసార్లు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కానీ దాని మలంలో, నోటిలో, మూతి బొచ్చులో క్రిములు ఉంటాయి. అది పాప చెయ్యి నాకుతుంది, పాప ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, షుగరు రోగులు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు ఈ క్రిములను తట్టుకోలేరు. లిస్టీరియా గర్భిణికి సోకితే గర్భంలోని బిడ్డ ప్రాణానికే ముప్పు.

లెక్క కూడా చూడండి. పచ్చి మాంసం పెట్టేవారు కుక్క బరువులో 2 నుండి 3 శాతం రోజూ పెట్టమంటారు. 20 కిలోల కుక్కకు రోజుకు 400 నుండి 600 గ్రాములు. అంటే నెలకు 12 నుండి 18 కిలోల పచ్చి మాంసం మన వంటగదిలో, మన ఫ్రిజ్‌లో, మన కత్తిపీట మీద తిరుగుతుంది. ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయని కొందరి నమ్మకం. సాల్మొనెల్లా చలికి నిద్రపోతుంది గాని చావదు.

2025 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఆ వైరస్ ఉన్న పచ్చి ఆహారం తిని పెంపుడు పిల్లులు చనిపోయాయి. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బ్రతకదు.

నీటి తిత్తుల జబ్బు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం, నిదానంగా చదవండి. దీనిని డాక్టర్లు హైడాటిడ్ జబ్బు అంటారు. దీనికి కారణం ఎకినోకాకస్ అనే చిన్న బద్దెపురుగు. పొడవు కొన్ని మిల్లీమీటర్లే. అది ఇలా తిరుగుతుంది:

1. గొర్రె, మేక లేదా పశువు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు ఉంటాయి.
2. ఆ అవయవాన్ని కుక్క పచ్చిగా తింటుంది. తిత్తిలోని పిల్లలు కుక్క పేగులో పురుగులుగా ఎదుగుతాయి. సుమారు ఆరేడు వారాల తరువాత కుక్క మలంలో గుడ్లు పడతాయి. కుక్కకు ఏ జబ్బూ కనిపించదు.
3. గుడ్లు నేల మీద, ఆకుకూరల మీద, కుక్క బొచ్చు మీద అంటుకుంటాయి. గొర్రెలు గడ్డితో పాటు వాటిని మింగుతాయి. మనిషి చేతి ద్వారా, కడగని కూరల ద్వారా మింగుతాడు.
4. మనిషి కార్జంలోనో, ఊపిరితిత్తిలోనో తిత్తి నెమ్మదిగా, ఏళ్ళ తరబడి పెరుగుతుంది.

ఒక సంగతి గమనించండి. కార్జం కూర తినడం వల్ల మనకు ఈ జబ్బు రాదు. కుక్క విసర్జించిన గుడ్లు మన నోట్లోకి వెళితేనే వస్తుంది. కాబట్టి మధ్యలో కుక్క తినే ఆ పచ్చి ముక్కను ఆపితే ఈ గొలుసు తెగిపోతుంది.

మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనబడిన ప్రాంతాల్లో కర్నూలు జిల్లా ఒకటని వైద్యగ్రంథాలు చెబుతాయి. నేను పుట్టి పెరిగింది ఆ వైపే. ఆదివారం మధ్యాహ్నం మా నాన్నగారు గొర్రె కోసిన చోటు నుండి తిత్తులు తెచ్చి మా కుక్కకు వేసేవారు. మేము పిల్లలం ఆ కుక్కను కౌగిలించుకుని ఆడి, అదే చేతులతో అన్నం తినేవాళ్ళం. మాకెవరూ చెప్పలేదు. నర్సింగు డిప్లొమా చదివి, సర్జికల్ వార్డులో మొదటిసారి కొబ్బరికాయంత తిత్తి తీసిన తల్లిని చూసుకున్నప్పుడే నాకు అర్థమైంది. డాక్టరుగారు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, మీ ఇంట్లో కుక్క ఉండేదా?" తిత్తి లోపల పగిలితే ప్రాణాపాయం. ఆల్బెండజోల్ మాత్రలు, సూదితో నీరు తీయడం, ఆపరేషన్ వంటి వైద్యాలున్నాయి గాని ఏదీ తేలిక కాదు.

ఐస్‌లాండ్ చెప్పే పాఠం

ఒకప్పుడు ఐస్‌లాండ్ దేశంలో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1863లో హరాల్డ్ క్రాబె అనే శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్ళి పరిశీలించాడు. మరుసటి సంవత్సరం ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి ఇళ్ళకు పంచిపెట్టారు. జబ్బుపడిన అవయవాలను కుక్కలకు వేయవద్దు, పాతిపెట్టండి లేదా కాల్చండి, కుక్కను ముట్టిన చేతులు కడుక్కోండి అని అందులోని సారం. తరువాత చట్టాలు వచ్చాయి. కొన్ని తరాల్లో ఆ దేశం నుండి జబ్బు పోయింది. న్యూజిలాండ్‌లో కూడా కుక్కలకు పచ్చి లోపలి భాగాలు పెట్టకుండా కట్టుదిట్టం చేసి, 2002లో ఆ దేశం తాత్కాలికంగా ఈ జబ్బు లేనిదిగా ప్రకటించుకుంది. ఒక చిన్న పుస్తకం చదివి ఇంటింటా చేసిన పనే ఇందుకు నాంది.

ఎముకలు, కాల్షియం

వండిన ఎముక సూదుల్లా చీలి కుక్క గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. పచ్చి ఎముకతో పళ్ళు విరగవచ్చు, గొంతుకు అడ్డుపడవచ్చు. ఇక ఎముక లేకుండా వట్టి మాంసమే పెడితే కాల్షియం చాలదు. ఎదిగే కుక్కపిల్లకు కాళ్ళు వంకరపోతాయి, ఎముకలు ఊరికే విరుగుతాయి. రోజూ కార్జమే పెడితే విటమిన్ ఎ మితిమీరి హాని చేస్తుంది.

మరి ఏమి పెట్టాలి?

* బాగా ఉడికించిన ఎముక లేని కోడిమాంసం లేదా గ్రుడ్డు, మెత్తని అన్నం, ఉడికించిన క్యారెట్, గుమ్మడి, బీన్స్. పడే కుక్కకు కొంచెం పెరుగు. కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో పశువైద్యుని అడగండి. లేదా మంచి తయారీ ఆహారం పెట్టండి.
* ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. మన కూర మిగిలిందని పెట్టకండి, అందులో ఉల్లి తప్పక ఉంటుంది.
* ఏ ఆహారానికైనా నెమ్మదిగా మార్చండి. మొదటి మూడు రోజులు కొత్తది పావు వంతు, తరువాత మూడు రోజులు సగం, తరువాత మూడు రోజులు ముప్పావు, పదో రోజు పూర్తిగా. విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి రండి.

ఇప్పటికే పచ్చి మాంసం పెడుతున్నవారు

భయపడకండి, దాచకండి. ఈ రోజే పచ్చివి మానండి. కుక్కను పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళి సంగతి చెప్పండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. మామూలు నట్టల మందు అన్నీ ఈ బద్దెపురుగుపై పనిచేయవు. ప్రాజిక్వాంటెల్ అనే మందు కావాలి. మోతాదు, ఎన్నాళ్ళకొకసారి అన్నది వైద్యుడే చెబుతారు. మలం తీసేటప్పుడు చేతికి కవరు వేసుకోండి, తరువాత సబ్బుతో కడుక్కోండి. కుక్క గిన్నె మన గిన్నెలతో కలిపి తోమకండి. పనిలో పనిగా రేబిస్ టీకా కూడా చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, రక్త విరేచనాలు వస్తే డాక్టరుకు కుక్క తిండి సంగతి తప్పక చెప్పండి.

ఆ యువకుడు నా మాటకు వెంటనే ఒప్పుకోలేదు. "ఇంతమంది పెడుతున్నారు కదా ఆంటీ" అన్నాడు. మంచం మీద నుండి వాళ్ళమ్మగారే, "నాయనా, నేను ఇంటికి రావాలా వద్దా?" అన్నారు. అతడు మాట్లాడలేదు. మరుసటి వారం వచ్చి, కుక్కకు మందు వేయించానని, ఇప్పుడు కుక్కర్‌లో దానికి వేరే గిన్నె పెడుతున్నామని చెప్పాడు. బొచ్చు సంగతి నేనే అడిగాను. అలాగే మెరుస్తోందట!

ఇంటిల్లిపాదీ చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన కుక్కకు గాని, వీధి కుక్కలకు గాని పచ్చి కార్జం, తిత్తులు వేస్తున్నామా?
2. నీటి తిత్తుల జబ్బు గొలుసును మనం ఏ మెట్టు దగ్గర తెంపగలం?
3. మన ఇంట్లో ఈ క్రిములను తట్టుకోలేనివారు ఎవరెవరు?
4. కుక్కతో ఆడిన తరువాత పిల్లలు చేతులు కడుక్కుంటున్నారా? మనం కడుక్కుంటున్నామా?

— నర్సింగ్ సూపరింటెండెంట్