పెద్దలకు వేదపాఠము

అపొల్లో లేఖనములు బాగుగా నెరిగిన విద్వాంసుడు. అయినను డేరాలు కుట్టుకొను అకుల, ప్రిస్కిల్ల దంపతులు అతనికి కొదువైనదానిని నేర్పిరి (అపొ. కార్య. 18:26). అందరియెదుట తప్పు పట్టలేదు, తమయొద్దకు పిలుచుకొనిరి.

బాప్తిస్మపు ప్రశ్నోత్తరములతో మన చదువు ముగిసినదని తలంచుచున్నాము. మన బిడ్డలు నల్లగొండ, సూర్యాపేట పల్లెలనుండి వెళ్లి ఎల్.బి. నగర్‌లో బస్సు దిగుదురు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదువుచు ఇరుకు గదులలో నుందురు. "మీ దేవుడు మంచివాడైతే మీ అమ్మకు ఆ జబ్బెందుకు?" అని ప్రక్క మంచమువాడు అడిగినయెడల కంఠస్థవాక్యము చాలునా?

1963లో గ్వాటెమాలా ప్రెస్బిటేరియన్ సెమినరీవారు, పొలమును కుటుంబమును విడిచి రాలేని సంఘపెద్దలయొద్దకే పాఠమును తీసికొనిపోయిరి. ఇంట చదువుట, వారమువారము కూడి చర్చించుట, ఇదే ఆ పద్ధతి. మన దేశములో 1971లో బెంగుళూరున ఏర్పడిన టాఫ్టీ సంస్థ దీనిని చేపట్టెను.

ఆరేడుగురు చాలును. ఒక్కరే మాటలాడినయెడల అది మరియొక ప్రసంగమే. ప్రసంగములకు మనకు కొరత లేదు! చదువురాని అవ్వ యున్నచో వాక్యమును రెండుమార్లు బిగ్గరగా చదివి, మొదట ఆమెనే అడుగుడి.

ముందుగా యోబు గ్రంథమును తీసికొనుడి. స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చుండిరి (2:13). పిమ్మట బోధింప మొదలిడిరి. చివరకు దేవుడు కోపించినది వారిమీదనే (42:7). వారి మాటలలో వేటిని మనము రోగుల మంచములయొద్ద పలుకుచున్నామో వెదకుడి. పండుగకు వచ్చిన బిడ్డలను ఆ గదిలోని ప్రశ్ననే కూటమునకు తెమ్మనుడి. ఆ రాత్రి జవాబు దొరకనియెడల మరుసటి వారమునకు ఉంచుడి.