ఉన్నచోటే ఎదిగినవాళ్లు

సంక్రాంతికి ఊళ్లు నిండుతాయి. బెంగళూరు నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఒకరు, డల్లాస్ నుంచి ఇంకొకరు దిగుతారు. కృష్ణా జిల్లా చల్లపల్లి సెంటర్లో పాత స్నేహితులు ఎదురుపడతారు. కుశల ప్రశ్నలు అయ్యాక ఒక ప్రశ్న తప్పదు.

"ఏం చేస్తున్నావురా ఇప్పుడు?"

"అదేరా, ఆ స్కూల్లోనే. లెక్కలు చెబుతున్నా."

"ఇంకా అక్కడేనా!"

అడిగినవాడి మనసులో చెడు ఏమీ ఉండదు. విన్నవాడికి మాత్రం చివుక్కుమంటుంది. ఆ రాత్రి పడుకునే ముందు లెక్కలు మొదలవుతాయి. వాడు మూడు కంపెనీలు మారాడు, వీడు రెండు దేశాలు తిరిగాడు, నేను మాత్రం అదే బోర్డు ముందు అదే సుద్దముక్కతో ఉండిపోయాను అనుకుంటాడు. తన దగ్గర లెక్కలు నేర్చుకుని వెళ్లిన పిల్లలు వందల్లో ఉన్నారన్న సంగతి ఆ క్షణంలో గుర్తురాదు.

ఒకే చోట ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తూ, అందుకే తాను వెనకబడ్డానని కుమిలిపోతున్న ప్రతి ఒక్కరి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ముందుగా ఒక ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడి గురించి చెప్పాలి.

770 సార్లు అదే చొక్కా

లండన్‌కి పడమరగా స్విండన్ అనే ఊరుంది. రైలింజన్లు తయారుచేసే కార్ఖానా చుట్టూ పెరిగిన కార్మికుల పట్టణం. ఆ ఊరి జట్టు స్విండన్ టౌన్. పక్కనే ఉన్న రాటన్ అనే పల్లెలో 1943లో పుట్టిన జాన్ ట్రోలప్, 1960 ఆగస్టులో పదిహేడేళ్ల వయసులో ఆ జట్టు ఎర్ర చొక్కా వేసుకున్నాడు. ఆయన ఆడే స్థానం లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాపలా కాసే డిఫెండర్.

అప్పటి మేనేజర్ బెర్ట్ హెడ్ కుర్రాళ్లను నమ్మిన మనిషి. మీసాలు సరిగ్గా రాని పిల్లలను ధైర్యంగా మైదానంలోకి దింపాడు. ఆ కుర్రాళ్లలో మైక్ సమ్మర్‌బీ ఉన్నాడు. 1965లో మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు, అక్కడ లీగ్ టైటిల్ గెలిచాడు, ఇంగ్లండు జట్టుకు ఆడాడు. ఎర్నీ హంట్ కూడా అదే ఏడాది వుల్వ్స్‌కి వెళ్లాడు. డాన్ రోజర్స్ 1972లో క్రిస్టల్ ప్యాలెస్‌కి వెళ్లాడు. ఒక్కొక్కరే పెద్ద జట్లకు తరలిపోయారు. ట్రోలప్ స్విండన్‌లోనే ఉన్నాడు.

ఆయన ఉన్నంతకాలం జట్టు ఒక్క తీరుగా సాగలేదు. 1963లో రెండో డివిజన్‌కి ఎక్కింది, 1965లో మూడో డివిజన్‌కి దిగింది. 1969లో మళ్లీ ఎక్కి, 1974లో మళ్లీ దిగింది. జట్టు దిగిన ప్రతిసారీ ఆటగాళ్లు చెల్లాచెదురవడం ఆ లోకంలో మామూలు. ఈయన మాత్రం కొత్త సీజన్ మొదలయ్యేసరికి మళ్లీ ఎడమవైపు తన చోట్లో కనిపించేవాడు.

అలా 1980 వరకు 770 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. ఇంగ్లండు లీగ్ చరిత్రలో ఒకే క్లబ్బు తరఫున ఇన్ని మ్యాచ్‌లు ఇంకెవరూ ఆడలేదు. రెండు, మూడు డివిజన్లలో ఏడాదికి నలభై రెండో, నలభై ఆరో మ్యాచ్‌లు ఉంటాయి. అంటే పదిహేడు, పద్దెనిమిది సీజన్ల పాటు ఒక్క ఆట కూడా వదలకుండా ఆడితే గాని ఆ అంకె రాదు. అంతకుముందు ఆ రికార్డు పోర్ట్స్‌మత్ ఆటగాడు జిమ్మీ డికిన్సన్‌ది, 764. ఆయనా ఒకే క్లబ్బు మనిషే. తన జట్టు 1949, 1950ల్లో దేశ విజేతగా నిలవడం చూశాడు, తర్వాత మూడో డివిజన్ దాకా జారిపోవడమూ చూశాడు. రెండు కాలాల్లోనూ అక్కడే ఉన్నాడు. అంత సుదీర్ఘమైన ఆట జీవితంలో రెఫరీ ఒక్కసారి కూడా తప్పు ఆటకు ఆయన పేరు పుస్తకంలోకి ఎక్కించలేదు.

కనిపించని పని

లెఫ్ట్ బ్యాక్ చేసే పనిని కాస్త దగ్గరగా చూద్దాం. అవతలి జట్టులో అంచు వెంట దాడి చేసే వింగర్ బంతితో దూసుకొస్తున్నాడు. జనం కళ్లన్నీ బంతి మీదే ఉంటాయి. డిఫెండర్ బంతి వెంట పరుగెత్తడు. వింగర్‌కీ తన గోల్‌కీ మధ్య నిలబడతాడు. ఒంటిని కాస్త ఏటవాలుగా తిప్పి, లోపలికి దారి మూసేసి, వాణ్ణి గీత వైపుకే నెడతాడు. తొందరపడి కాలు చాపితే వాడు పక్కనుంచి జారిపోతాడు. అందుకని ఓపిగ్గా వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, వాడు తప్పు చేసేదాకా ఆగుతాడు. చివరికి బంతి గీత దాటి బయటకు పోతుంది. స్టేడియంలో ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎందుకంటే వాళ్లకు ఏమీ జరిగినట్టు కనిపించదు. అలా ఏమీ జరగకుండా చూడటమే ఆయన పని.

మన దివిసీమ వాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు, కృష్ణ కరకట్ట రోజూ కళ్లముందే ఉంది. ఏడాదంతా దాని మీద సైకిళ్లు పోతాయి, గేదెలు పోతాయి, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద పదకొండు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మాత్రం లంకల నుంచి ఊళ్ల దాకా అందరి నోటా అదే మాట, కట్ట ఆగుతుందా అని. ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి మీరే కావచ్చు. మీ విలువ మామూలు రోజుల్లో బయటపడకపోతే, అది లేదని మాత్రం అనుకోకండి.

ట్రోలప్‌కి అలాంటి రోజు 1969 మార్చి 15న వచ్చింది. లండన్ వెంబ్లీ మైదానంలో లీగ్ కప్ ఫైనల్. ఒకవైపు మొదటి డివిజన్ దిగ్గజం ఆర్సెనల్, మరోవైపు మూడో డివిజన్ స్విండన్. మైదానమంతా బురద. స్విండన్ ముందుగా గోల్ చేసింది. ఆ తర్వాత ఆర్సెనల్ దాడి మీద దాడి చేసింది. గోల్‌కీపర్ పీటర్ డౌన్స్‌బరో, ఆయన ముందున్న డిఫెండర్లు చాలాసేపు తట్టుకుని నిలబడ్డారు. ఆట ముగియడానికి నాలుగైదు నిమిషాల ముందు ఆర్సెనల్ సమం చేసింది. అదనపు సమయంలో డాన్ రోజర్స్ రెండు గోల్స్ కొట్టాడు. 3-1తో స్విండన్ గెలిచింది.

చరిత్రలో రోజర్స్ గోల్స్ మిగిలాయి, అది న్యాయమే. కానీ ఆ గోల్స్ కొట్టే అవకాశం దక్కేదాకా జట్టును పడిపోకుండా పట్టుకున్నవాళ్లలో ట్రోలప్ ఒకడు. 1978లో బ్రిటన్ ఆయనకు ఎం.బి.ఇ. పురస్కారం ఇచ్చింది. పద్దెనిమిదేళ్ల నిలకడను ఒక దేశం గుర్తించిన సందర్భం అది.

మన గడ్డ మీద ఇద్దరు

అంతదూరం వెళ్లనక్కర్లేదు, మనకూ ఇలాంటివాళ్లు ఉన్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ 2024లో 'మైదాన్' సినిమాగా వచ్చాక చాలామందికి తెలిసింది. అదే జట్టులో బ్యాక్‌గా ఆడిన అజీజుద్దీన్, హాఫ్ బ్యాక్‌గా ఆడిన నూర్ మహమ్మద్ పేర్లు మాత్రం ఈ తరంలో తెలిసినవాళ్లు తక్కువ.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఆ ఇద్దరూ ఉన్నారు. బూట్లు లేకుండా ఆడే అలవాటున్న మన జట్టు అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. ఒక ఫార్వర్డ్‌కి అలాంటి ఓటమి ఒక చేదు జ్ఞాపకం. వెనక కాపలా కాసేవాళ్లకు మాత్రం పది గోల్స్ అంటే పదిసార్లు తల దించుకోవడమే. ఇక చాలు అనుకోవడానికి అంతకంటే మంచి సాకు ఏముంటుంది? నాలుగేళ్ల తర్వాత, 1956లో మెల్బోర్న్‌కు వెళ్లిన జట్టులో మళ్లీ అజీజుద్దీన్, నూర్ ఉన్నారు. ఈసారి భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్లలేదు.

నిలకడ ఉన్న మనిషి ఓటమిని ఎలా తీసుకుంటాడో ఈ నాలుగేళ్లు చెబుతాయి. పోయింది మ్యాచ్ మాత్రమే, తన స్థానం తనదే అని నమ్ముతాడు. తిరిగొచ్చి మళ్లీ సాధన చేస్తాడు.

నిలకడకు మూడు పరీక్షలు

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఎక్కడైనా ఏళ్లపాటు ఉన్నంతమాత్రాన గొప్ప కాదు. మారాలంటే భయమేసి ఆగిపోయినవాళ్లున్నారు. ఊళ్లో నాలుగు మాటలు పడాల్సివస్తుందని ఆగిపోయినవాళ్లున్నారు. పని దోచుకుని జీతం ఎగ్గొట్టే చోట విశ్వాసం పేరుతో మగ్గిపోతున్నవాళ్లున్నారు. వాళ్లు అక్కడినుంచి బయటపడటమే మంచిది. సమ్మర్‌బీ స్విండన్ వదిలి వెళ్లడం ద్రోహం కాదు, ఆయన దారి అది. వెళ్లడమూ ఉండటమూ రెండూ గౌరవమైనవే, మనం కళ్లు తెరిచి ఎంచుకుంటే.

మీది ఎంచుకున్న నిలకడో, అలవాటుగా మారిన ఆగిపోవడమో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: పోయిన ఏడాది కంటే ఈ ఏడాది నా పని మెరుగైందా? ముప్పై దాటిన డిఫెండర్‌కి పదిహేడేళ్ల కాళ్లు ఉండవు. తగ్గిన వేగాన్ని ముందుచూపుతో పూడ్చుకోగలిగితేనే ఆటలో మిగులుతాడు. లెక్కల మాస్టారు పదేళ్లనాటి నోట్సునే తిప్పి చెబుతుంటే ఆయనకు పదేళ్ల అనుభవం ఉన్నట్టు కాదు, ఒక ఏడాది అనుభవాన్ని పదిసార్లు వాడుకున్నట్టు.

రెండోది: నా మీద ఆధారపడినవాళ్లు ధైర్యంగా ఉన్నారా? ఫలానా వాడున్నాడు కదా, ఆ వైపు చూడనక్కర్లేదు అని పక్కవాళ్లు అనుకోగలిగితే మీరు సంపాదించింది చిన్న ఆస్తి కాదు. జీతం చీటీలో అది కనిపించదు, మనుషుల కళ్లలో కనిపిస్తుంది.

మూడోది: ఎవరూ చూడని రోజున కూడా ఈ పని ఇలాగే చేస్తానా? ఈ ప్రశ్నకు జవాబు చల్లపల్లిలోనే ఉంది. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ టి. పద్మావతి దంపతుల చొరవతో 2014 నవంబరులో 'స్వచ్ఛ చల్లపల్లి' మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఊరు ఇంకా ముసుగు తన్ని పడుకుని ఉండగా, కార్యకర్తలు చీపుళ్లు, పారలు పట్టుకుని రోడ్డెక్కుతారు. ఊడుస్తారు, మురుగుకాలవల్లో చెత్త తీస్తారు, గడ్డి చెక్కుతారు, మొక్కలకు పాదులు చేస్తారు. ముక్కు మూసుకుని వెళ్లే శ్మశానం కూడా వాళ్ల చేతుల్లో పూలతోట అయింది. ఇలాంటివి మొదలుపెట్టే ఊళ్లు చాలా ఉంటాయి. మొదటి వారం ఫొటోలుంటాయి, దండలుంటాయి, ప్రసంగాలుంటాయి. ఆ సందడంతా అయిపోయాక కూడా, ఏళ్లు గడిచాక కూడా, చలిలో దుప్పటి తీసి లేవడంలోనే అసలు వ్యక్తిత్వం ఉంది.

రేపటి నుంచి ఏం చేయాలి?

నిలకడకు ఎప్పుడూ మంచి ఫలితమే వస్తుందని మీకు ఆశ చూపించను. ట్రోలప్ తర్వాత స్విండన్‌కే మేనేజర్ అయ్యాడు. 1982లో ఆయన చేతుల మీదుగానే ఆ జట్టు మొదటిసారి నాలుగో డివిజన్‌కి దిగింది. జీవితమంతా ఇచ్చిన చోట కూడా ఓటమి ఎదురుకావచ్చు. అయినా ఆ 770 మ్యాచ్‌లను ఏ ఓటమీ తుడిచేయలేకపోయింది. మీరు నిజాయితీగా చేసిన పని కూడా అంతే, ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీరు ఇన్నేళ్లుగా జరగకుండా ఆపినవి రాయండి. మీరుండబట్టి చదువు మానకుండా నిలబడిన పిల్లవాడు, మీరు పట్టుకోబట్టి దాటిపోని పొరపాటు, మీరు సర్దిచెప్పబట్టి విడిపోని అన్నదమ్ములు. గోల్స్ కొట్టినవాళ్ల లెక్క లోకం రాస్తుంది. ఆపినవాళ్ల లెక్క మనమే రాసుకోవాలి.

తర్వాత, మీ పనిలో ఈ ఏడాది కొత్తగా నేర్చుకోవాల్సిన ఒక్క విషయం ఎంచుకుని, రోజూ దానికి కొంత సమయం కేటాయించండి. ఇంట్లోనో ఆఫీసులోనో మీకంటే ముందు నుంచి నిలకడగా పనిచేస్తున్న పెద్దవాళ్లు ఒకరుంటారు. అటెండరు కావచ్చు, వంటమనిషి కావచ్చు, మీ అమ్మే కావచ్చు. వాళ్ల దగ్గరకు వెళ్లి, మీరు చేసిన ఫలానా పని వల్ల నాకు ఫలానా మేలు జరిగింది అని పేరు పెట్టి చెప్పండి. ఉత్త పొగడ్త వద్దు, పనిని చెప్పండి.

వచ్చే పండక్కి ఎవరైనా "ఇంకా అక్కడేనా?" అంటే, నవ్వి, తల ఎత్తి జవాబు చెప్పండి. "అవునండీ, అక్కడే. ఈ ఏడు పదో తరగతి పిల్లలకు లెక్కలు ఇంకోలా చెబుతున్నా, ఒకసారి వచ్చి చూడండి" అని పిలవండి.