శునకాలలో కెన్నెల్ దగ్గు – ఒత్తిడి పాత్ర

రోగకారకం, దానికి లొంగే ఆతిథేయి, అనుకూల వాతావరణం – ఈ మూడూ కలిసినప్పుడే వ్యాధి తలెత్తుతుందని వ్యాధి త్రికోణ సూత్రం తెలియజేస్తుంది. పైర్ల తెగుళ్ళ అధ్యయనంలో సుపరిచితమైన ఈ సూత్రం శునకాలలో కెన్నెల్ దగ్గుకూ వర్తిస్తుంది. యజమాని తన శునకాన్ని వసతి కేంద్రంలో విడిచి ఊరికి వెళ్ళినప్పుడు ఈ మూడూ ఒకేసారి కలిసే అవకాశం ఉంది.

వ్యాధి కారకాలు

బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, రెండవ రకం అడినోవైరస్ వీటిలో ముఖ్యమైనవి. ఇవి దగ్గు తుంపరల ద్వారా, ఉమ్మడి నీటి పాత్రల ద్వారా వ్యాపిస్తాయి. సాధారణంగా సోకిన 2 నుంచి 14 రోజులలో పొడిదగ్గు మొదలవుతుంది. శ్వాసనాళంలోని శైలికలు సూక్ష్మజీవులను శ్లేష్మంతో పాటు పైకి నెట్టివేస్తాయి. బోర్డెటెల్లా ఆ శైలికలకే అతుక్కొని వాటి కదలికను స్తంభింపజేస్తుంది.

ఒత్తిడి ప్రభావం

కొత్త చోటు, యజమాని ఎడబాటు, 100 డెసిబెళ్ళను మించగల మొరుగుల హోరు అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ స్రావాన్ని పెంచుతాయి. అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఒక జంతు ఆశ్రయ కేంద్రంలో జరిపి, 1997లో ప్రచురించిన అధ్యయనంలో, చేరిన తొలి 3 రోజులలోని శునకాల రక్తంలో కార్టిసాల్ 9 రోజులకు పైగా ఉన్నవాటి కంటే అధికంగా కనిపించింది. కార్టిసాల్ అధికంగా కొనసాగితే లింఫోసైట్లు తగ్గి, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. అంటే, కొత్త రోగకారకాలు ఎదురయ్యే రోజులలోనే రక్షణ బలహీనపడవచ్చు.

అయితే ఒత్తిడి దానంతట అదే ఈ అంటువ్యాధిని పుట్టించదు. రోగకారకం ఉండి తీరాలి. కిక్కిరిసిన కేంద్రంలో ఒత్తిడి, వ్యాధి సోకే అవకాశం రెండూ కలిసే పెరుగుతాయి కనుక దేని పాత్ర ఎంతో విడదీయడం కష్టం. నెపమంతా ఒత్తిడిపై వేస్తే గాలి ప్రసరణ, శుభ్రత, టీకాల లోపాలు మరుగున పడతాయి.

యాజమాన్యం

ముక్కులో వేసే బోర్డెటెల్లా టీకా కొద్ది రోజులలోనే రక్షణ కల్పిస్తుంది. ఇంజెక్షన్ టీకా మొదటిసారి వేసేటప్పుడు 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరం. కాబట్టి ప్రయాణం నిశ్చయమైన వెంటనే పశువైద్యుని సంప్రదించాలి. చేరిన తొలి రోజులలో అలవాటైన ఆహారం, ఇంటి దుప్పటి, నిశ్శబ్దమైన గది, ఒకే సంరక్షకుడు ఉండేలా చూడాలి. దగ్గుతున్న శునకాన్ని వెంటనే వేరుచేయాలి. దగ్గు తగ్గాక కూడా వారాల తరబడి బోర్డెటెల్లా వెలువడవచ్చు కనుక, కోలుకున్న శునకాన్ని తొందరపడి ఇతర శునకాలతో కలపరాదు.